బోఫిన్, డాగ్‌ఫిష్, మడ్‌ఫిష్, షూపిక్... ఇవన్నీ ఒకే చేపేనా? కొర్రమేనుతో తేడా ఎలా పట్టాలి?

గట్టుమీద_గాలం (ప్రశ్న)

ఉత్తర అమెరికా మంచినీటి చేపల గురించి చదువుతుంటే బోఫిన్ అనే చేప దగ్గర పేర్ల చిక్కు వచ్చిపడింది. పుస్తకాల్లో బోఫిన్ అంటున్నారు. పెద్ద సరస్సుల (గ్రేట్ లేక్స్) వైపు డాగ్‌ఫిష్, ఫ్లోరిడాలో మడ్‌ఫిష్, లూసియానాలో షూపిక్, నార్త్ కరోలినాలో బ్లాక్‌ఫిష్ అట. గ్రిండిల్, గ్రిన్నెల్, సైప్రస్ ట్రౌట్ కూడా ఇదేనని ఇంకొందరు అంటున్నారు.

నా సందేహాలు మూడు. ఈ పేర్లన్నీ నిజంగా ఒకే చేపవా, లేక వేరే చేపలకు కూడా తగులుతున్నాయా? రెండోది ఇంకా ముఖ్యం. ఫొటోలో ఇది అచ్చం మన కొర్రమేనులా ఉంది. అక్కడ కొర్రమేను దొరికితే చంపి అధికారులకు చెప్పమంటున్నారు, బోఫిన్ మాత్రం అక్కడి సొంత చేప. గట్టు మీద చేప చేతిలో ఉండగా రెండు నిమిషాల్లో ఏది ఏదో తేల్చే మార్గం కావాలి. మూడోది, దీన్ని ఆదిమ చేప అనడానికి ఒంట్లో చూపించగల ఆధారం ఏమైనా ఉందా?

బయూ_పటం

పేర్ల సంగతి చెప్తాను. మీరు రాసినవన్నీ బోఫిన్ పేర్లే. అయితే వాటిలో సగం వేరే చేపలకూ ఉన్నాయి. అసలు ఇబ్బంది అక్కడే.

బోఫిన్ అన్న పేరు వీపు రెక్క వల్ల వచ్చింది. వీపు మధ్యకు కాస్త ముందు మొదలై తోకదాకా సాగే ఒకే పొడవాటి రెక్క అది, విల్లులా కొద్దిగా వంగి ఉంటుంది. ఆ రెక్కను అలలా కదిలిస్తూ ఒళ్ళు కదపకుండానే ముందుకూ వెనక్కీ జరగగలదు. శాస్త్రీయ నామం అమియా కాల్వా. కాల్వా అంటే లాటిన్‌లో బట్టతలది అని, ఎందుకంటే తల మీద పొలుసులుండవు, ఎముక పలకలే ఉంటాయి. ఈ పేరు 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టాడు. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నుంచి అలెగ్జాండర్ గార్డెన్ అనే వైద్యుడు పంపిన నమూనాలు ఆయనకు ఆధారం.

ఇక ప్రాంతాల వారీగా. మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా వైపు డాగ్‌ఫిష్ అంటారు. సముద్రంలో చిన్న సొరచేపలకు కూడా ఇదే పేరు, కాబట్టి డాగ్‌ఫిష్ అని ఒట్టిగా వెతికితే సొరచేపల సమాచారమే ముందు వస్తుంది. ఫ్లోరిడా, జార్జియాల్లో మడ్‌ఫిష్. నార్త్ కరోలినాలో బ్లాక్‌ఫిష్. అలాస్కాలో ఇదే పేరుతో వేరే చిన్న చేప ఉంది, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. టెన్నెసీ, ఆర్కాన్సాస్, తూర్పు టెక్సాస్‌లలో గ్రిండిల్, గ్రిన్నెల్ వినిపిస్తాయి. ఇవి నీటి అడుగున తిరిగే చేపను జర్మన్‌లో పిలిచే గ్రుండెల్ అనే మాట నుంచి వచ్చినవి. సైప్రస్ చెట్లు నీళ్ళలో నిలబడి ఉండే చిత్తడి అడవుల్లో దొరుకుతుంది కనుక సైప్రస్ ట్రౌట్. నిజమైన ట్రౌట్లకు చల్లటి పారే నీళ్ళు కావాలి, ఇది నిలవ నీళ్ళలో బతికే చేప. కండ త్వరగా దూదిలా మెత్తబడుతుందని కాటన్‌ఫిష్ అని కూడా అంటారు.

షూపిక్ నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు. చోక్టా జాతివాళ్ళ భాషలో ఈ చేప పేరు షుపిక్. ఫ్రెంచివాళ్ళు దాన్ని తమ స్పెల్లింగులో రాసుకున్నారు, అదే లూసియానాలో నిలిచింది. అక్కడ ఈ పేరుతో కాలువలు కూడా ఉన్నాయి. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళకు ఇది ప్వాసోఁ కాస్టోర్, అంటే బీవర్ చేప.

జాగ్రత్తపడాల్సిన పేరు లాయర్. కొన్నిచోట్ల బోఫిన్‌నూ, కొన్నిచోట్ల బర్బోట్ అనే చేపనూ ఇదే పేరుతో పిలుస్తారు. రెండూ పెద్ద సరస్సుల ప్రాంతంలో ఉంటాయి. బర్బోట్ గడ్డం కింద ఒకే ఒక్క మీసం ఉంటుంది, వీపు మీద రెక్కలు రెండు. బోఫిన్‌కు వీపు రెక్క ఒకటే, గడ్డానికి మీసం ఉండదు.

ఏ రాష్ట్రంలోనైనా నియమాలు, తినే పరిమితులు చూసేటప్పుడు స్థానిక పేరుతోనూ బోఫిన్ అనే పేరుతోనూ రెండుసార్లు వెతకండి. పట్టికలో ఏ పేరు పెట్టారో ముందుగా తెలియదు.

పొలుసు_పరీక్ష

రెండో ప్రశ్నకు జవాబు: చేపను వెల్లకిలా తిప్పండి. పక్క నుంచి చూస్తే బోఫిన్, కొర్రమేను ఇట్టే మోసం చేస్తాయి. రెండింటిదీ కోలగా గుండ్రటి ఒళ్ళు, పొడవాటి వీపు రెక్క, గుండ్రటి తోక, నోటి నిండా పళ్ళు. పొట్టవైపు చూస్తే ఆ పోలిక నిలవదు.

మొదట తోకకు ముందు, మలద్వారం వెనక ఉండే రెక్క చూడండి. బోఫిన్‌కు అది పొట్టిగా, చిన్న విసనకర్రలా ఉంటుంది. అందులో ఈనెలు 10 అటూఇటూ. అమెరికాలో ఎక్కువగా దొరికే కొర్రమేను జాతి నార్తర్న్ స్నేక్‌హెడ్ (కొర్రమేను కుటుంబాన్ని ఇంగ్లీషులో స్నేక్‌హెడ్ అంటారు). దానికి ఆ రెక్క పొట్ట కింద సగం దూరం సాగుతుంది, ఈనెలు 30కి పైనే. లెక్కపెట్టే పని కూడా ఉండదు. కింది రెక్క వీపు రెక్కతో దాదాపు పోటీపడేంత పొడవుంటే కొర్రమేను, వీపు రెక్క ముందు బుల్లిదిగా కనిపిస్తే బోఫిన్.

తర్వాత పొట్ట రెక్కల జత. బోఫిన్‌కు ఇవి పొట్ట మధ్యలో ఉంటాయి. కొర్రమేనుకు మొప్పల వెనక ఉండే పక్క రెక్కల కిందే, ఛాతీ దగ్గర ఉంటాయి.

మూడోది గడ్డం. బోఫిన్ కింది దవడ ఎముకల మధ్య, గొంతు మీద ఒక గట్టి ఎముక పలక ఉంటుంది. వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది, కానీ వేలు నోటి వైపు పోనివ్వకండి. అమెరికా మంచినీటి చేపల్లో ఈ పలక బోఫిన్‌కు మాత్రమే ఉంది. కొర్రమేనుకు అక్కడ మెత్తటి చర్మమే.

ఇంకో గుర్తు ముక్కు. బోఫిన్ పైపెదవి దగ్గర రెండు చిన్న గొట్టాలు మీసాల్లా ముందుకు పొడుచుకు వస్తాయి. తల మీద పొలుసులున్నాయో లేదో కూడా చూడండి. కొర్రమేను తల మీద పెద్ద పొలుసులు పాము తలను తలపిస్తాయి, బోఫిన్ తల నున్నటి ఎముక.

అనుమానం తీరకపోతే ఫొటోలు మూడు తీయండి: రెక్కలు విప్పి పూర్తి పక్క భాగం, వెల్లకిలా పొట్ట, దగ్గరగా గడ్డం. పక్కన కొలత తెలిసే వస్తువేదైనా పెట్టండి. కింది రెక్క ముడుచుకుపోయి ఉన్న ఒక్క ఫొటో పంపితే నిపుణులు కూడా ఖాయంగా చెప్పలేరు. తప్పు గుర్తింపులు ఎక్కువగా అలాంటి ఫొటోల వల్లే వస్తాయి.

హోలోస్టియన్

పైన చెప్పినదాంట్లో ఒక సవరణ. గొంతు పలక టార్పన్, లేడీఫిష్‌లకూ ఉంది. అవి సముద్రపు చేపలైనా ఫ్లోరిడాలో నదుల్లోకి ఎక్కుతుంటాయి. వెండిలా మెరిసే ఒళ్ళు, చీలిన తోక కాబట్టి బోఫిన్‌తో కలగలిసే భయం లేదు. అయినా "బోఫిన్‌కు మాత్రమే" అనే మాట సరికాదు.

మీరెవరూ ఎత్తని తోక మచ్చ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దానితోనే గుర్తుపట్టాలని చూస్తారు. మగ బోఫిన్ తోక మొదట్లో పైభాగాన నల్లటి మచ్చ, చుట్టూ పసుపో నారింజో రంగు అంచు ఉంటాయి. ఆడదానికి ఆ మచ్చ మసగ్గా ఉంటుంది, లేదా అసలే ఉండదు. మచ్చ లేదని బోఫిన్ కాదనుకుంటే ఆడచేపలన్నీ ప్రమాదంలో పడతాయి. దక్షిణ ఫ్లోరిడాలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ పాతుకుపోయిన బుల్స్‌ఐ స్నేక్‌హెడ్‌కు, అంటే మన పూమేనును పోలిన చేపకు కూడా తోక మొదట్లో నారింజ అంచుతో నల్ల మచ్చ ఉంటుంది. మచ్చ ఉందని బోఫిన్ అనుకుని వదిలేస్తే ఆ చేప తిరిగి నీళ్ళలోకి పోతుంది. మచ్చను లెక్కలోకే తీసుకోకుండా కింది రెక్కను నమ్ముకోండి.

చంపమని చెప్పడం వెనక నేపథ్యం ఇది. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక కుంటలో నార్తర్న్ స్నేక్‌హెడ్‌లు పిల్లలతో సహా దొరికాయి. అదే ఏడాది కొర్రమేను కుటుంబం మొత్తాన్నీ హానికర జీవుల జాబితాలో పెట్టి ప్రాణంతో దిగుమతిని ఆపేశారు. 2004లో పొటోమాక్ నదిలో బయటపడ్డాయి, అక్కడ ఇక తొలగించలేనంతగా పెరిగాయి. చాలా రాష్ట్రాల్లో వాటిని ప్రాణంతో దగ్గర పెట్టుకోవడమే నేరం. ఈ ప్రచారానికి బోఫిన్లు పొరపాటున బలవుతున్నాయి. ఇక్కడి చెరువుల్లో లక్షల ఏళ్ళుగా ఉన్న చేపను బయటి చేప అనుకుని గట్టు మీద పడేసిపోవడం చూడలేని విషయం. అందుకే రెండు నిమిషాలు ఆగి పొట్టవైపు చూడమని అందరికీ చెప్తున్నాను.

ఇక ఆదిమ చేప అనే మాట. ఇప్పుడున్న ఎముక చేపల్లో నూటికి తొంభై ఐదుకు పైగా టీలియోస్ట్ అనే ఒకే పెద్ద గుంపులో ఉన్నాయి. కొర్రమేను, బొచ్చె, ట్రౌట్ అన్నీ ఆ గుంపే. బోఫిన్, గార్ చేపలు దానికి బయట హోలోస్టియై అనే చిన్న గుంపులో మిగిలాయి. బోఫిన్ కుటుంబమైన అమియిడే శిలాజాలు జురాసిక్ కాలం నుంచి ఉన్నాయి, ఒకప్పుడు యూరప్, ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కూడా బతికాయి. ఇప్పుడు ఉత్తర అమెరికా తూర్పు సగంలోనే ఉన్నాయి. బోఫిన్, గార్ దగ్గరి బంధువులని ఎముకల ఆధారంగా చాలాకాలంగా వాదన నడిచింది. 2021లో బోఫిన్ జన్యుక్రమం మొత్తం ప్రచురించాక ఆ బంధుత్వానికి బలమైన మద్దతు దొరికింది.

ఒంట్లో చూపించగల ఆధారాలు: గొంతు పలక, పేగులో మిగిలిపోయిన మరమెలిక మడత, ఊపిరితిత్తిలా పనిచేసే గాలితిత్తి, బయటికి గుండ్రంగా కనిపించినా లోపల వెన్నెముక చివర పైకి తిరిగి ఉండే తోక. అయితే అంతా పాతదే అనుకోవద్దు. గార్ చేపకు వజ్రాకారపు గట్టి కవచం పొలుసులుంటాయి. బోఫిన్ పొలుసులు మాత్రం పలచబడి, గుండ్రంగా, మామూలు చేపల పొలుసుల్లానే అయ్యాయి.

జాతుల లెక్క కూడా మారింది. చాలాకాలం అమియా కాల్వా ఒక్కటే అనుకున్నారు. 2022లో జన్యువులు, ఎముకలు కలిపి చూసి, 1836లో రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త హ్యూరన్ సరస్సు చేపకు పెట్టిన అమియా ఓసెల్లికాడా అనే పేరును తిరిగి బతికించారు. ఆగ్నేయ తీరప్రాంతానిది కాల్వా, పెద్ద సరస్సులూ మిసిసిపి వైపుది ఓసెల్లికాడా. 2022కు ముందు రాసిన పుస్తకంలో ఒక్క పేరే ఉంటే అది తప్పు అచ్చు కాదు, అప్పటి అవగాహన అంతే.

గట్టుమీద_గాలం

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. బోఫిన్ అని తేలాక వదిలేయాలంటే ఎలా పట్టుకోవాలి? గాలి పీల్చే చేప కదా, కాసేపు బయట ఉన్నా పరవాలేదా? తింటారా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

లోతులేనినీళ్ళు

గాలి పీల్చడం గురించి ఒక అపోహ ఉంది, ముందు అది తీసేద్దాం. బోఫిన్‌కు మొప్పలూ, గాలితిత్తీ రెండూ పనిచేస్తాయి. నీళ్ళు 10 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటే పైకి రావడం చాలా అరుదు, మొప్పలే సరిపోతాయి. వేడి పెరిగి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ పైకొచ్చి గాలి మింగడం ఎక్కువవుతుంది. ఎండిన చెరువు బురదలో నెలల తరబడి నిద్రపోతుందని రాసినవి నమ్మకండి. ఆఫ్రికా లంగ్‌ఫిష్‌కు ఉన్న ఆ శక్తి దీనికి లేదు.

దీనివల్ల జరిగే ఓ పొరపాటు చెప్తాను. వేసవిలో బకెట్ అంచుదాకా నీళ్ళు నింపి మూత బిగిస్తారు. చేపకు పైకొచ్చి గాలి అందుకునే చోటుండదు, వేడి నీళ్ళలో మొప్పలు ఒక్కటే చాలవు, ఊపిరాడక చస్తుంది. కాసేపు ఉంచక తప్పకపోతే మూడింట రెండు వంతులే నీళ్ళు పోసి, మూతకు చిల్లులు పెట్టి బరువుంచండి. బలంగా ఎగిరి దూకే చేప ఇది.

పట్టుకునేటప్పుడు పెదవిలో బొటనవేలు పెట్టి ఎత్తడం బాస్ చేపకు చెల్లుతుంది, దీనికి కుదరదు. పళ్ళు సూదుల్లా ఉంటాయి, దవడ బలమైంది, పైగా ఒళ్ళంతా మెలితిప్పుతుంది. రబ్బరు వల ఉన్న పెద్ద చేతివలలోకి తీసుకుని, వల నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీయండి. 25 సెంటీమీటర్లకు తక్కువ కాని పొడవాటి ముక్కు పట్టకారు కావాలి. ఎత్తాల్సి వస్తే చేతులు తడిపి, ఒక చెయ్యి పక్క రెక్కల వెనక, ఇంకోటి తోక ముందు. మొప్పల్లో వేళ్ళు పెట్టకండి. పొడి గుడ్డతో తుడిస్తే జిగురు పొర పోతుంది, తర్వాత బూజు జబ్బులు వస్తాయి. కొక్కెం గొంతులో దిగితే పీకకుండా దారాన్ని దగ్గరగా కత్తిరించి వదిలేయడం నయం.

కొక్కేల విషయంలో, ముల్లు నొక్కేసిన 3/0 నుంచి 5/0 సర్కిల్ కొక్కెం మంచిది. ఎక్కువగా నోటి మూలలోనే గుచ్చుకుంటుంది. సన్నటి తీగ కొక్కెమైతే గట్టి దవడ ఎముక మీద జారిపోతుంది, లేదా నిటారుగా సాగిపోతుంది. "కొరికింది కానీ పడలేదు" అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం అదే. 15 నుంచి 20 కిలోలు మోసే అల్లిక దారం, చివర అరమీటరు మందపాటి ఫ్లోరోకార్బన్ చాలు. కలుపు మొక్కలు దట్టంగా ఉన్న, పారని నీళ్ళలో మీటరు లోతు లోపలే వెతకండి. చేప ముక్క, రొయ్యను పోలిన క్రేఫిష్ రెండూ ఎరగా పనిచేస్తాయి. మామూలుగా 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి, ఆడవి మగవాటికంటే పెద్దవి. గాలానికి పడిన రికార్డు చేప 1980లో సౌత్ కరోలినాలో దొరికింది, 9.75 కిలోలు.

ఒక మనవి. వసంతంలో నీళ్ళు 16 నుంచి 19 డిగ్రీలకు వచ్చినప్పుడు మగచేప కలుపు మధ్య గుండ్రంగా గూడు చదును చేస్తుంది. గుడ్లు 8 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు మూతి మీద ఉండే జిగురు అవయవంతో మొక్కలకు అతుక్కుంటాయి, తర్వాత నల్లటి ముద్దగా గుంపుకట్టి తండ్రి వెంట తిరుగుతాయి. దాదాపు 10 సెంటీమీటర్లు వచ్చేదాకా ఆ కాపలా సాగుతుంది. ఆ రోజుల్లో మగదాని రెక్కలు మెరిసే ఆకుపచ్చగా మారతాయి. అలాంటి చేప దొరికితే ఫొటోల కోసం ఆపకుండా పట్టిన చోటే వెంటనే వదలండి. పది నిమిషాలు తండ్రి లేకపోతే చుట్టూ ఉన్న సన్‌ఫిష్‌లు పిల్లల్ని ఖాళీ చేస్తాయి. కొర్రమేను కూడా ఇలాగే పిల్లల్ని కాస్తుంది, కాబట్టి పిల్లల గుంపును చూసి జాతిని తేల్చకండి.

బయూ_పటం

తినే సంగతి. తింటారు, ముఖ్యంగా లూసియానాలో. బాగోదనే పేరు చాలావరకు ఆలస్యం వల్ల వచ్చింది. చచ్చాక కండ చాలా త్వరగా మెత్తబడుతుంది. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, పేగులు తీసి, పొట్టలో మంచు నింపి మంచులోనే పెట్టాలి. అదే రోజు వండాలి. గడ్డకట్టించి దాస్తే కరిగాక పిండిలా అవుతుంది. చర్మం ఒలిచి, పక్కన గీతలా ఉండే ముదురెరుపు కండ కోసి పడేస్తే బురద వాసన చాలా తగ్గుతుంది.

అక్కడివాళ్ళు మెత్తదనాన్ని అనుకూలంగా మార్చుకుని కండను చెంచాతో గీకి వడలు చేస్తారు. చెంచాతో గీకితే సన్న ముళ్ళు చర్మానికే ఉండిపోతాయి. కిలో కండకు 300 నుంచి 400 గ్రాముల ఉడికించిన బంగాళాదుంప, ఉల్లికాడలు, కారం, ఉప్పు, ఒక గుడ్డు. ముద్ద జారుగా ఉంటే ఇంకా దుంప వేయకుండా అరగంట చల్లగా ఉంచండి, గట్టిపడుతుంది. దుంప ఎక్కువైతే చేప రుచే ఉండదు.

తినేముందు పాదరసం హెచ్చరికలు చూడటం తప్పనిసరి. ఇది వేటచేప, చిన్న చేపల్లోని పాదరసమంతా దీని కండలో చేరుతుంది. నార్త్ కరోలినా ఆరోగ్యశాఖ ఐ-85 రహదారికి దక్షిణ, తూర్పు వైపుల పట్టిన ఈ చేపను గర్భం దాల్చే వయసు స్త్రీలూ, పిల్లలూ తినొద్దని చెప్పింది. ఆ ప్రకటనల్లో ముందు కనిపించే పేరు బ్లాక్‌ఫిష్. బోఫిన్ అని మాత్రమే వెతికినవాళ్ళ కంట అది పడకపోవచ్చు.

జెన గురించి కూడా అడుగుతారని చెప్తున్నాను. దీని గుడ్లు చిన్నవి, సహజంగానే నల్లనివి. లూసియానాలో షూపిక్ కేవియార్, కేజన్ కేవియార్ అని అమ్ముతారు. వేడి తగిలితే ఎర్రగా మారుతుంది, కాబట్టి చల్లగానే వడ్డించాలి. తాజా చేప నుంచి తీసిన జెన సంచిని జల్లెడ మీద మెల్లగా రుద్ది గుడ్లు విడదీస్తారు. చల్లటి నీళ్ళతో కడిగి, వార్చి, బరువులో 3 నుంచి 4 శాతం సన్న ఉప్పు కలిపి, సున్నా డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఇంత తక్కువ ఉప్పుతో సీసాలో బిగించి బయట పెడితే బొటులిజం విషం తయారయ్యే ప్రమాదముంది. లూసియానాలో నీళ్ళ మీద ఉండగా బోఫిన్ జెనను చేప నుంచి వేరు చేసి ఉంచుకోకూడదు, ఒడ్డుకు చేరేదాకా చేపలోనే ఉండాలి. అమ్మకానికైతే లైసెన్సు వేరే.